టక్‌మనని నాలుగో తలుపు

"అన్నా, నీ కాడికి తెస్తే మంచిగ పడుతున్నది. ఇంటికి పోయినంక మళ్ల అదే లొల్లి."

కారు వైరింగ్ పని చేసేవాళ్లు తరచూ వినే ఫిర్యాదు ఇది. రిమోట్ నొక్కితే మూడు తలుపుల లాకులు టక్‌మని పడతాయి, నాలుగోది పలకదు. మళ్లీ నొక్కితే అదీ పడుతుంది. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఓ పొద్దున మళ్లీ మొండికేస్తుంది. మేస్త్రి ముందు ఎన్నిసార్లు నొక్కినా చక్కగా పనిచేస్తుంది. కనిపించని జబ్బుకు మందు వేసేదెలా? చాలాచోట్ల తలుపులోని లాక్ మోటారు మార్చేస్తారు. డబ్బు ఖర్చయింది, కొత్త పార్టు పడింది, ఇక నిశ్చింత అనుకుంటాం. తర్వాతి వానకు అదే తలుపు మళ్లీ మూగబోతుంది. అప్పుడు కంట్రోల్ బాక్సు మారుతుంది, ఆపైన రిమోట్ మారుతుంది. లోపం మాత్రం మొదటి రోజు ఎక్కడ ఉందో అక్కడే, తలుపు కీలు పక్కన రబ్బరు గొట్టం మడతలో ఉండిపోతుంది.

వచ్చిపోయే కంప్లయింటు దిక్కూ తెన్నూ లేకుండా రాదు. దానికి ఒక వేళ ఉంటుంది, ఒక వాతావరణం ఉంటుంది, తలుపు తెరుచుకున్న ఒక కోణం ఉంటుంది. వాటిని ముందుగా కనిపెట్టగలిగింది రోజూ కారు వాడే మనిషి. ఆ తర్వాత మేస్త్రి చేతిలోని మీటరు. ఈ ఇద్దరు సాక్షులూ మాట్లాడకముందే పార్టు మార్చడం డబ్బు దండగ. అంతకన్నా పెద్ద నష్టం, అసలు లోపం కారులోనే మిగిలిపోవడం.

వీధిలో నిలిపే కార్ల సంగతి చూద్దాం. సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్ అనగానే ఈమధ్య అందరికీ గుర్తొచ్చేది మెట్లబావి. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను తవ్వితీసి, 17వ శతాబ్దపు ఆ కట్టడాన్ని బాగుచేసి 2022 డిసెంబరు 5న మళ్లీ ప్రారంభించారు. ఇలాంటి పాత పేటల సందుల్లో ఇంటికో షెడ్డు ఎక్కడిది? కారు గోడవారగా వీధిలోనే నిలబడుతుంది. మే నెల ఎండ, అక్టోబరు దాకా సాగే వానలు, రోడ్డు దుమ్ము అన్నీ ఆ తలుపుల మీదే. వీధిలో ఉండే బండికి నాలుగు లాకులూ పడటం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ఒకటి పడలేదని చూసుకోకుండా ఇంట్లోకి వెళ్లిపోతే లోపలి సామానుకు భరోసా లేదు. బండే పోతే, బీమా క్లెయిము దగ్గర తాళం వేశారా లేదా అన్న ప్రశ్న వస్తుంది.

ఇక్కడివాళ్లకు ఒక వసతి కూడా ఉంది. రాణిగంజ్ పక్కనే. ఫ్యూజు, రిలే, కప్లర్, మీటరు లెక్కన వైరు, లాక్ మోటారు, ఏది కావాలన్నా ఆ స్పేర్‌పార్టుల బజారుకు వెళ్లి అరగంటలో తెచ్చుకోవచ్చు. అంత దగ్గర్లో పార్టు దొరకడం మంచిదే. కానీ పరీక్షించకుండా మార్చేసే తొందరకు కూడా అదే కారణమవుతోందని నా అభిప్రాయం.

తలుపు లోపల ఏముంది

కరెంటుతో పడే కారు లాకు కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో స్క్రిప్స్-బూత్ అనే ఖరీదైన కారుకు 1914లోనే పెట్టారు. 1956లో ప్యాకార్డ్ మళ్లీ తెచ్చాక అది మెల్లగా వ్యాపించింది. మనకు 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800కి ఆ సౌకర్యం లేదు. తర్వాతి రోజుల్లో కావాలనుకున్నవాళ్లు బయట కిట్టు కొని బిగించుకున్నారు. కంపెనీ నుంచే సెంట్రల్ లాకింగ్ రావడం మామూలయ్యాక కూడా ఆ కిట్ల కార్లు చాలా ఏళ్లు తిరిగాయి, ఇంకా తిరుగుతున్నాయి.

ఏ రకమైనా లోపలి పని ఒకటే. డోర్ ప్యాడ్ వెనక చిన్న డీసీ మోటారు, దానికి ప్లాస్టిక్ పళ్ల చక్రాలు, వాటికి లాకు కడ్డీ. మోటారుకు వెళ్లే రెండు వైర్లలో ఒకదానికి 12 వోల్టులు, రెండోదానికి ఎర్త్ అందితే లాకు పడుతుంది. అటుదిటు మారితే తెరుచుకుంటుంది. కరెంటు అందేది సెకను కన్నా తక్కువ సేపు. బజారు కిట్లలో డ్రైవరు తలుపు మోటారుకు ఐదు వైర్లు, వెనక తలుపుల వాటికి రెండు ఉంటాయి. ఎక్కువ కిట్లలో నీలం, ఆకుపచ్చ వైర్లు మోటారువి. మిగతా మూడూ 'డ్రైవరు లాకు వేశాడు, తీశాడు' అని కంట్రోల్ బాక్సుకు చెప్పే స్విచ్చువి. ఈ స్విచ్చు అరిగితే లాకులు పడిన మరుక్షణం వాటంతటవే తెరుచుకుంటాయి. బాక్సుకు తప్పుడు కబురు అందుతోందన్నమాట. అలాంటప్పుడు బాక్సు మార్చి ఫలితం లేదు.

ఇక్కడే ఒక మాట. కొన్ని కార్లు రిమోట్‌తో తెరిచి, ఏ తలుపూ తీయకుండా వదిలేస్తే అర నిమిషంలో మళ్లీ తాళం వేసుకుంటాయి. కొన్ని వేగం అందుకోగానే లాకు వేసుకుంటాయి. ఏదో ఒక తలుపు సరిగా మూయకపోతే తాళం వేయని కార్లూ ఉన్నాయి. ఇవి లోపాలు కావు, తయారీలోనే పెట్టిన పద్ధతులు. కారుతో ఇచ్చిన పుస్తకం ఒక్కసారి తిరగేస్తే ఎంతోమంది గ్యారేజీకి వెళ్లే పని తప్పుతుంది.

రాసుకోండి

లాకు పలకనప్పుడల్లా నాలుగు ముక్కలు రాసుకోండి: ఏ తలుపు, ఏ వేళ, ఇంజన్ ఆన్‌లో ఉందా లేదా, వాన పడిందా లేదా. సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకుంటే మరీ మంచిది. మేస్త్రి దగ్గరికి వెళ్లేసరికి జబ్బు మాయమైనా, దాని నడవడి మీ దగ్గర ఉంటుంది.

ఆ రాతలే సగం దారి చూపిస్తాయి. నాలుగు తలుపులూ ఒకేసారి పలకకపోతే తలుపుల జోలికి వెళ్లొద్దు. ఫ్యూజు, మెయిన్ వైరు, ఎర్త్, బాక్సు, రిమోట్ చూడాలి. లోపలి స్విచ్చుతో అన్నీ పడుతూ రిమోట్‌తో మాత్రం పడకపోతే సెల్ మార్చి చూడండి. చాలా రిమోట్లలో ఉండేది మూడు వోల్టుల సీఆర్2032 బిళ్ల. ఒకే వీధిలో, ఒకే చోట రిమోట్ పనిచేయక, పక్క వీధిలో పనిచేస్తే కారుకు ఏ జబ్బూ లేదు. మన కార్ల రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ తరంగాల మీదే నడిచే వేరే పరికరం దగ్గర్లో ఉంటే సంకేతం కలుషితమవుతుంది.

ఇంజన్ నడుస్తుండగా పడి, ఆపాక పడకపోతే అది వోల్టేజీ సంగతి. ఇంజన్ నడిచేటప్పుడు సుమారు 14 వోల్టులు ఉంటాయి. ఆపి కాసేపు ఉంచితే మంచి బ్యాటరీ 12.6 దగ్గర నిలుస్తుంది. ఆ ఒకటిన్నర వోల్టు తేడాకే చేతులెత్తేసే లాకు ఉందంటే, బ్యాటరీ అయినా నీరసపడి ఉండాలి, దారిలో ఎక్కడో వోల్టేజీ అయినా కారిపోతుండాలి, లేదా మోటారు అరిగి ఉండాలి.

ఒక్క తలుపే, అదీ ఎక్కువగా డ్రైవరు తలుపే అయితే, చూపు ముందు పడాల్సింది కీలు దగ్గర.

రబ్బరు గొట్టం

తలుపుకూ బాడీకీ మధ్య, కీళ్ల పక్కన, ముడతల రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. లాకు, అద్దం మోటారు, స్పీకరు వైర్లన్నీ దాని గుండానే తలుపులోకి వెళతాయి. తలుపు తీసినప్పుడల్లా అవి వంగుతాయి, వేసినప్పుడల్లా మళ్లుతాయి. రోజుకు పదిసార్లు తీసి వేసినా ఏడాదికి మూడున్నర వేలు దాటుతుంది. ట్యాక్సీకి ఇంకా ఎన్నో రెట్లు. రాగి పోగులు ఒక్కొక్కటిగా లోపలే తెగుతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరదు. చూడ్డానికి వైరు నిక్షేపంలా ఉంటుంది. తలుపు ఒక కోణంలో ఉన్నప్పుడు తెగిన కొసలు తగులుకుంటాయి, లాకు పనిచేస్తుంది. మూసినప్పుడు విడిపోతాయి, పనిచేయదు. మేస్త్రి చూసేటప్పుడు తలుపు తెరిచే ఉంటుంది కదా. అందుకే ఆయన ముందు కంప్లయింటు రాదు.

ఇక్కడే మీటరు కూడా మోసపోయే చోటు ఉంది. ఇరవై పోగుల్లో ఒక్కటే మిగిలినా, ఖాళీగా ఉన్న వైరు మీద మీటరు పెడితే పూర్తి 12 వోల్టులు చూపిస్తుంది. ఎల్ఈడీ టెస్టర్ వెలుగుతుంది. కంటిన్యుటీ పెడితే కుయ్‌మంటుంది. మోటారు మాత్రం కదలదు. ఒంటి పోగు తాడు మీద చేతిరుమాలు ఆరేయొచ్చు, తడిసిన బొంత ఆరేయలేం. మోటారు కొన్ని ఆంపియర్లు అడుగుతుంది, మీటరు దాదాపు ఏమీ అడగదు. అందుకే ఈ పరీక్ష బరువు పెట్టి చేయాలి.

అందుకు పెద్ద పరికరం అక్కర్లేదు. ఇండికేటర్లలో వాడే 21 వాట్ల బల్బు, హోల్డరు, రెండు వైర్లు చాలు. మోటారు కప్లర్ ఊడదీసి, మోటారుకు వెళ్లే ఆ రెండు వైర్ల పిన్నుల మధ్య బల్బు పెట్టి లాకు స్విచ్చు నొక్కండి. బల్బు ఒకటిన్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది. లాకు వేసినా తీసినా ఒక్క మెరుపు రావాలి. బాగున్న తలుపులో ఆ మెరుపు ఎంత ప్రకాశంగా ఉందో ముందు చూసుకుని, జబ్బు తలుపులో చూడండి. మసకగా ఉంటే వైరుదో ఎర్త్‌దో లోపం. ఇప్పుడు ఒకరు స్విచ్చు నొక్కుతుండగా ఇంకొకరు రబ్బరు గొట్టాన్ని వంచుతూ, తలుపును అంగుళం అంగుళం కదపాలి. ఎక్కడ మెరుపు ఆగిపోయిందో ఆ కోణంలోనే తెగింది. గొట్టం ఒక కొస ఊడదీసి వైర్లను ఒక్కొక్కటిగా మెల్లగా లాగితే, తెగిన వైరు తొడుగు సాగుతుంది, మిగతావి సాగవు.

మెరుపు ప్రకాశంగా ఉండి మోటారే కదలకపోతే, అప్పుడు మాత్రమే మోటారును అనుమానించాలి. మీటరుతోనే కొలుస్తానంటే, మోటారు లాగుతున్న క్షణంలో బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు పిన్ను దాకా ఒకసారి, మోటారు రెండో పిన్ను నుంచి బ్యాటరీ మైనస్ దాకా ఒకసారి వోల్టేజీ చూడాలి. ఏ వైపైనా అర వోల్టు దాటితే ఆ దారిలో అడ్డు ఉంది. పల్స్ చాలా తక్కువ సేపు ఉంటుంది కాబట్టి, అత్యధిక విలువను పట్టి ఉంచే సౌకర్యం ఉన్న మీటరు కావాలి.

ఒక హెచ్చరిక తప్పనిసరి. పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటిలో పిన్ను గుచ్చకూడదు, బల్బు తగిలించకూడదు. తలుపులోనే చిన్న కంప్యూటరు ఉండే కొత్త కార్లలో బల్బు పరీక్ష చేసేముందు ఆ మోడల్ వైరింగ్ బొమ్మ చూడాలి. అలాంటివాటికి స్కానర్ ఉపయోగపడుతుంది. కాకపోతే చవక స్కానర్లు ఎక్కువగా ఇంజన్ కోడ్లే చదువుతాయి. లాకులకు సంబంధించినవి 'బి' అక్షరంతో మొదలయ్యే బాడీ కోడ్లు. అవి చదవగలిగేదేనా అని ముందే అడగండి.

వాన, చిలుము

2020 అక్టోబరు 13 రాత్రిని హైదరాబాద్‌లో ఎవరూ మరిచిపోరు. మర్నాటి ఉదయానికి బేగంపేటలో 24 గంటల వర్షపాతం సుమారు 19 సెంటీమీటర్లు నమోదైంది. ఆ నీళ్లలో నిలిచిన కార్లు ఎన్నో. సీట్లు ఆరబెట్టారు, కార్పెట్లు మార్చారు, ఇంజన్ ఆయిల్ మార్చారు. కార్పెట్ కింద, డ్రైవరు కాళ్ల పక్కన ప్యానెల్ వెనక ఉన్న కప్లర్లను ఎందరు విప్పి చూశారు? బురద నీరు తగిలిన పిన్ను మీద పచ్చటి చిలుము పడుతుంది. ఎప్పుడూ కరెంటు ఉండే పిన్ను ఇంకా త్వరగా పాడవుతుంది, ఎందుకంటే తేమ మీదుగా కరెంటు కారుతూ లోహాన్ని కరిగిస్తుంది. తొడుగు లోపల పోగుల సందుల్లోంచి నీరు వైరు వెంట పాకిపోతుంది కూడా. అందుకే మునిగిన కారు ఫిర్యాదులు వెంటనే కాదు, నెలల తర్వాత ఒక్కొక్కటిగా బయటపడతాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు అడుగున బాడీకి బిగించిన ఎర్త్ బోల్టులు చూడాలి. పైకి మెరిసే కారు గతం అక్కడ బయటపడుతుంది.

మునగని కారుకూ వాన సమస్యే. తలుపులోకి నీళ్లు రావడం సహజం. అద్దం పక్క రబ్బరు మీదుగా జారిన నీరు తలుపు లోపలికి దిగి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోయేలా తయారుచేస్తారు. దుమ్ము, ఎండుటాకులు ఆ రంధ్రాలను మూసేస్తే నీరు లోపలే నిలుస్తుంది. మూసిన తలుపు ఊపితే గలగలమన్న చప్పుడు వినిపిస్తుంది. ఇంకొకటి, డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు ఉంటుంది. స్పీకర్లు మార్చేటప్పుడు దాన్ని చించి పారేసేవాళ్లున్నారు. అది అలంకారం కాదు. నీటిని ప్యాడ్ వైపు రాకుండా ఆపేది అదే. చిరిగితే కొత్త పాలిథిన్ షీటు అంటించమని పట్టుబట్టండి.

ఎండది వేరే కథ. బయట కొని బిగించిన అలారం, కిట్టు వైర్లను చాలామంది మెలిపెట్టి నల్ల టేపు చుడతారు. వీధిలో మాడే కారులో ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, మెలిక వదులవుతుంది. మధ్యాహ్నం పడని లాకు సాయంత్రం పడుతోందంటే డ్యాష్‌బోర్డు కింద అలాంటి జాయింట్లు వెతకాలి.

మోటారుదే తప్పయితే

మోటారు నిజంగా పాడవుతుంది. లోపలి బ్రష్‌లు అరుగుతాయి, కమ్యుటేటర్ మీద ఒకచోట కాంటాక్టు పోతుంది. మోటారు ఆ చోట ఆగితే మళ్లీ కదలదు. డోర్ ప్యాడ్ మీద అరచేత్తో తడితే కదులుతుంది. తడితే పనిచేసిన మోటారు ఆయుష్షు తీరినట్టే. పరీక్షిస్తూ వరసగా నొక్కితే ఆగిపోయి, కాసేపటికి పనిచేస్తే కంగారు పడొద్దు. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటును తగ్గించే పీటీసీ బిళ్ల ఉంటుంది. అది తన పని తాను చేసింది.

కొన్నిసార్లు కరెంటుది అసలు తప్పే కాదు. ఎండిన గ్రీజు, దుమ్ము, వంగిన కడ్డీ వల్ల లాకే బిగుసుకుంటుంది. అది పట్టేందుకు తలుపు తెరిచి ఉంచి, అంచున ఉన్న కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో మూసిన స్థితిలోకి తిప్పి, లాకు వేసి తీసి చూడాలి. తెరిచినప్పుడు తేలిగ్గా పడి, మూసినప్పుడు పడకపోతే తలుపు అమరిక తప్పింది, లేదంటే రబ్బరు గొట్టంలోని వైరు. తలుపు మళ్లీ వేసేముందు హ్యాండిల్ లాగి కొక్కేన్ని తెరవడం మరచిపోకూడదు.

వైరు బాగుచేసే తీరు మీదే అది ఎన్నేళ్లు ఉంటుందన్నది ఆధారపడుతుంది. వంగే చోట జాయింటు వేయకూడదు. సోల్డరు పట్టిన వైరు బిరుసెక్కి, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. తెగిన ముక్క మొత్తం తీసేసి, గొట్టానికి రెండు వైపులా బయటికి వచ్చేంత కొత్త వైరు వేసి, జాయింట్లు అటూ ఇటూ వంగని చోట పెట్టాలి. రెండు మూడు వైర్లయితే జాయింట్లు ఒకే వరసలో రాకూడదు. పైన హీట్ ష్రింక్ గొట్టం వేయాలి. వైరు సన్నపోగులు ఎక్కువగా ఉన్న ఆటో కేబుల్ కావాలి, ఇంటి వైరింగ్‌కు వాడే బిరుసు తీగ కాదు. ఫ్యూజు మాడితే అదే ఆంపియర్లది వేయాలి. పెద్దది వేసినా, రాగి తీగ చుట్టినా ఎప్పుడో ఒకప్పుడు ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

ఈ పనికి ఖర్చు వైరులో లేదు, ఓపికలో ఉంది. గంటసేపు వెతికి, చివరికి మూరెడు వైరు మార్చిన మేస్త్రికి "ఇంతేనా? దీనికింతా?" అంటూ బేరమాడతాం. ఐదు నిమిషాల్లో మోటారు మార్చినవాడికి అడిగినంత ఇస్తాం. ఇది అన్యాయం. వెతికినందుకు కూలి ఇవ్వనంత కాలం ఎవరూ వెతకరు.

లోపల ఉన్నవాళ్లు

లాకు బయట దొంగను ఆపడానికే కాదు, లోపలి మనిషి బయటపడటానికీ. 2025 ఏప్రిల్ 14న చేవెళ్ల మండలం దామరగిద్దలో ఆడుకుంటూ కారెక్కిన ఇద్దరు చిన్నారులు ఊపిరాడక చనిపోయారు. ఐదు వారాలు తిరక్కముందే, మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు అలాగే ప్రాణాలు కోల్పోయారు. ఆ కార్ల లాకుల్లో లోపం ఉందని నేను అనడం లేదు. ఎండలో మూసిన కారులో చిక్కుకున్న పిల్లలకు ఎంత తక్కువ సమయం ఉంటుందో ఆ రెండు ఊళ్లు చెబుతున్నాయి. తలుపు తెరవలేని పిల్లాడికి, 'అప్పుడప్పుడూ తెరుచుకోని' తలుపు కూడా తోడైతే ఏమవుతుందో ఊహించుకోవడానికే భయమేస్తుంది. వచ్చిపోయే కంప్లయింటును 'చూద్దాంలే' అని వదిలేయకూడదని నేను ఇంతగా చెప్పేది అందుకే.

ఈ ఆదివారం సాయంత్రం ఒక పని చేయండి. కారులో ఒక్కో సీట్లో కూర్చుని, లాకు వేసి, లోపలి హ్యాండిల్‌తో ఒక్కో తలుపూ తెరిచి చూడండి. కొన్ని కార్లలో ఒకసారి లాగితే చాలు, కొన్నింట్లో రెండుసార్లు లాగాలి. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి నుంచి ఎంత లాగినా తెరుచుకోవు. అది మీ కారులో వేసి ఉందో లేదో తెలుసుకోండి. పిల్లలకు హారన్ ఎక్కడుందో, ముందు సీట్లోకి ఎలా రావాలో చేయించి చూపించండి. ఇంటి ముందు ఆగిన కారుకు, ఐదు నిమిషాలకే అయినా, నాలుగు లాకులూ పడ్డాయో లేదో హ్యాండిల్ లాగి చూసుకోండి. తాళం చెవి పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి.